మిద్దె తోట లెక్క చెత్త బుట్ట దగ్గర మొదలవ్వాలి

మిద్దె తోట అనగానే ఎవరైనా మొదట అడిగేది ఒకటే, నెలకి కూరగాయల ఖర్చు ఎంత కలిసొస్తుంది అని. మొదటి ఏడాది కలిసిరావడం సంగతి అటుంచి, చేతి నుంచే పడుతుంది. గ్రోబ్యాగులు (మొక్కలు పెట్టే బస్తాలు), కొబ్బరి పొట్టు ఇటుకలు, వేపపిండి, షేడ్ నెట్, ఎర్రమట్టి లోడు, ఆ మట్టిని మూడో అంతస్తుకి మోసినందుకు కూలీ, ఇవన్నీ కూడితే ఆ డబ్బుతో రైతుబజారులో ఏడాది పొడుగునా కూరలు కొనుక్కోవచ్చు. వీడియోల్లో బుట్టల కొద్దీ వంకాయలు చూపించేవాళ్లు ఈ ఖర్చు గురించి పెద్దగా మాట్లాడరు, ఆ వంకాయలు ఎన్ని వారాలకి ఒకసారి వచ్చాయో కూడా చెప్పరు.

టమాటా సంగతే చూడండి. 2023 జులైలో కిలో వంద దాటి ఇంకా పైకి పోతున్నప్పుడు చాలామంది హడావిడిగా డాబా మీద నారు పెట్టేశారు, మళ్లీ ఏడాది ఈ టెన్షన్ ఉండదని. కానీ జులైలో కాయ కోయాలంటే ఆ మొక్క మే నెలలో పూత పూసి పిందె కట్టాలి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 కిందికి దిగకపోతే టమాటా పుప్పొడి సరిగ్గా పనిచేయదు, పూత రాలిపోతుంది. విజయవాడలో మే నెల రాత్రి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. రైతు పొలంలో ఏ ఎండకి పూత రాలి ధర పెరిగిందో, ఆ ఎండే డాబా మీదా కాస్తుంది, దానికి తోడు స్లాబు సెగ. ఎండాకాలంలో మదనపల్లె వైపు టమాటా నిలబడుతోందంటే, ఆ ఊరు దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉండి మిగతా చోట్ల కంటే కాస్త చల్లగా ఉండబట్టే. కాబట్టి ధర మండిపోయే నెలల్లో ఇంటి టమాటా ఆదుకుంటుందన్న ఆశ చాలావరకు వట్టిదే.

అలాగని మిద్దె తోట దండగ పని అనుకోనక్కర్లేదు. ఇంట్లోకి వచ్చే కూరగాయల సంగతి కాసేపు పక్కనపెట్టి, ఇంట్లోంచి బయటికి పోయే చెత్త సంగతి ముందు చూస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది.

నలుగురున్న ఇంట్లో తొక్కలు, కాడలు, టీ పొడి, కరివేపాకు రెమ్మలు, పూజలో వాడిన పూలు అన్నీ కలిపి రోజుకి ముప్పావు కిలో నుంచి కిలో దాకా తడి చెత్త వస్తుంది. ఏడాదికి దగ్గరదగ్గర 300 కిలోలు. అందులో ముప్పాతిక వంతు నీళ్లే, అంటే చెత్త బండి డీజిల్ కాల్చి ఎక్కువగా మోసుకుపోయేది నీళ్లనే. హైదరాబాద్‌లో అయితే అవి చేరేది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి. నగరం మొత్తమ్మీద రోజుకి ఏడు వేల టన్నులకు అటూఇటూగా చెత్త వస్తుంటే అందులో సగం దాకా తడిదే. అది ప్లాస్టిక్ కవర్లతో కలిసి గుట్టగా పడి, గాలి ఆడకుండా కుళ్లితే మీథేన్ వస్తుంది, వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడెక్కించే వాయువు. అడుగు నుంచి కారే నల్లనీళ్లు చెరువుల్లోకీ బోర్లలోకీ దిగుతాయి. ఆ చుట్టుపక్కల కాలనీల వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నది ఆ కంపు గురించీ ఆ నీళ్ల గురించే. చెత్తతో కరెంటు తీసే ప్లాంటు పెట్టారు నిజమే, కానీ అరటి తొక్క మండాలన్నా ముందు ఆరాలి కదా.

ఇంట్లో పుట్టిన చెత్త ఇంట్లోనే ఖర్చయ్యే పద్ధతి మనకి కొత్తదేం కాదు. పెరడున్న ఇళ్లలో బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలో పడేవి, గేదె తాగేది, దాని పేడ పెంటకుప్పకి చేరేది, ఏడాదికోసారి బండ్లకెత్తి పొలానికి తోలేవాళ్లు. స్నానాల నీళ్లు పారే చోట అరటి, చేమ, కంద. వంటింటి గుమ్మం పక్కన కరివేపాకు, మునగ. పందిరి మీద పొట్ల, బీర, చిక్కుడు. బిల్ మోలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో 1970ల్లో పర్మాకల్చర్ అని పేరు పెట్టి చెప్పిన పద్ధతిలో, అంటే ఒకదాని వ్యర్థం ఇంకోదానికి మేతయ్యేలా సాగుని అమర్చుకునే పద్ధతిలో, సగం సంగతులు ఈ పెరట్లో కనిపిస్తాయి. గుంత తీసి ఆకూ అలమూ చెత్తా అందులో నింపి, చుట్టూ అరటి పిలకలు పెట్టి, స్నానాల నీళ్లు దానికి మళ్లించే అమరికని ఇప్పుడు పర్మాకల్చర్ శిక్షణల్లో ప్రత్యేకంగా నేర్పుతున్నారు. అంతమాత్రాన "ఇదంతా మన అమ్మమ్మలకి ముందే తెలుసు" అని చేతులు దులుపుకోవడం కూడా సరికాదు. అమ్మమ్మకి గేదె ఉంది, పెరడు ఉంది, నేల ఉంది. మూడో అంతస్తులో ఈ మూడూ లేవు, అవి చేసే పనులు మాత్రం ఎవరో ఒకరు చేయాలి. ఏ పని దేనితో చేయించాలి, దేన్ని ఎక్కడ పెట్టాలి అని ముందే గీసుకోవడమే పర్మాకల్చర్ అదనంగా ఇచ్చేది.

మన ప్రాంతంలో దీనికి మంచి చరిత్రే ఉంది. 1980ల్లో మోలిసన్ ఇండియా వచ్చారు, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ ఈ పని అందుకుంది, ఆ తర్వాత కొప్పుల నర్సన్న, పద్మ దంపతుల అరణ్య సంస్థ బిడకన్నె పొలంలో ఏళ్ల తరబడి శిక్షణలు నడిపింది. 2017లో అంతర్జాతీయ పర్మాకల్చర్ సదస్సు హైదరాబాద్‌లోనే జరిగింది. ఇంకోవైపు రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్ల వల్ల మిద్దె తోట అన్నది ఎక్కడో ఒకరి సరదాగా మిగలకుండా వేల ఇళ్లకి పాకింది. అయితే పొలానికీ మిద్దెకీ ఒక పెద్ద తేడా ఉంది. పొలంలో మట్టి ఎంత చవుడైనా కింద భూమి ఉంటుంది, వానపాములు కింద నుంచి పైకొస్తాయి, వేరు లోతుకి పోయి తడి వెతుక్కుంటుంది. మిద్దె మీద బస్తా అడుగున ఉన్నది సిమెంటు. ఆ బస్తాలోకి మనం వేసిందే ఉంటుంది, వేయనిది ఎక్కణ్నుంచీ రాదు. అందుకే మిద్దె మీద అన్నిటికంటే ముందు పెట్టుకోవాల్సింది కంపోస్ట్.

ఇక అసలు లెక్క. ఏడాది 300 కిలోల తడి చెత్తకి అరవై, డెబ్బై కిలోల ఎండాకులు కలిపి మాగబెడితే నీరు ఆవిరై, సూక్ష్మజీవులు తినగా ఎనభై నుంచి వంద కిలోల కంపోస్ట్ మిగులుతుంది. ఇరవై లీటర్ల బస్తాలో మూడో వంతు కంపోస్ట్ వేయాలంటే నాలుగైదు కిలోలు కావాలి. అంటే ఒక ఇంటి చెత్త మొదటి ఏడాది ఇరవై బస్తాలకి సరిపోతుంది, తర్వాత ఏటా బస్తాకి రెండు మూడు కిలోలు పైన వేసుకుంటూ ముప్పై, నలభై దాకా నిలబెడుతుంది. ఆ ఇంటి తోట సైజు అంతే. మొదటి నెలలోనే వంద బస్తాలు పరిచేవాళ్లు మిగతా ఎరువు కొనాల్సిందే. ఆ పశువుల ఎరువు ఏదో ఊళ్లో పొలానికి పోవాల్సింది, కొబ్బరి పొట్టు పొల్లాచ్చి నుంచో కోనసీమ నుంచో లారీలో వస్తుంది, ఎర్రమట్టి ఏ గుట్టనో తవ్వితే వస్తుంది. తన చెత్తని జవహర్‌నగర్‌కి పంపి, పల్లె ఎరువుని పైకి మోయించుకునే తోట ఎంత పచ్చగా ఉన్నా అది అలంకారమే, ఇంటిసాగు అనిపించుకోదు.

కంపోస్ట్ చేయడం కష్టం కాదు, కానీ చాలామంది రెండో వారంలోనే మానేస్తారు. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, తడి ఎక్కువై పొడి తక్కువవడం. సూక్ష్మజీవులకి ఒక వంతు నత్రజనికి పాతిక, ముప్పై వంతుల కార్బన్ కావాలి. వంటింటి చెత్తలో అది పదిహేను, ఇరవైకి మించదు, ఎండాకుల్లో యాభై దాకా, కొబ్బరి పొట్టులో వంద దాకా ఉంటుంది. ఈ అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. గిన్నెడు తొక్కలు వేస్తే రెండు మూడు గిన్నెల నలిపిన ఎండాకులు వేస్తే చాలు. చిల్లులు పొడిచిన పాత పెయింట్ బకెట్ అయినా, మట్టి కుండలైనా, యాభై లీటర్ల డ్రమ్మైనా పనిచేస్తుంది. ఒకటి నిండి మాగుతుంటే ఇంకోటి వాడుకునేలా కనీసం రెండు ఉండాలి, మూడుంటే హాయి. మొదట్లో రెండు గుప్పెళ్ల చివికిన పేడ ఎరువో, పాత కంపోస్టో, పులిసిన మజ్జిగ నీళ్లో చల్లితే పని త్వరగా అందుకుంటుంది. అంగట్లో అమ్మే ఖరీదైన పొడులు లేకపోతే చెత్త మాగదని ఏమీ లేదు.

బుట్టలో ఏం జరుగుతోందో మూత తీస్తే తెలిసిపోతుంది. లోపలి నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ల మధ్య ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎండాకులు వేసి కలియబెట్టాలి, చుక్క రాకుండా పొడిగా రాలిపోతే నీళ్లు చల్లాలి. కుళ్లిన కోడిగుడ్డు కంపు వస్తే గాలి ఆడట్లేదని, ముక్కుకి ఘాటుగా అమ్మోనియా తగిలితే పచ్చి చెత్త ఎక్కువైందని. రెండిటికీ మందు ఎండాకులూ కలియబెట్టడమూ. వానాకాలంలో మూత తీయగానే బూడిద రంగులో, అడుగు నుంచి మీదాకా లుకలుకలాడుతూ లావుపాటి పురుగులు కనిపిస్తాయి, చూసినవాళ్లు బుట్ట మొత్తం ఎత్తి బయట పారేస్తారు. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లలు. ఆ ఈగ పెద్దదయ్యాక బతికేది వారం పది రోజులు, ఇంట్లో అన్నం మీద వాలదు, రోగాలు మోసుకురాదు. పిల్ల పురుగులు మాత్రం రెండు రోజుల చెత్తని ఒక్క రాత్రిలో తినేస్తాయి, అవి ఉన్న బుట్టలో మామూలు ఈగలు గుడ్లు పెట్టడం తగ్గిపోతుంది. ఎదిగాక నల్లబడి, వాటంతటవే గోడెక్కి బయటికి పోతాయి. చూడ్డానికి బాగుండదు, ఒప్పుకోవాలి. చూడలేనివాళ్లు పైన రెండంగుళాల ఎండాకులు కప్పేస్తే సరి.

ఉప్పు, నూనె ఉన్నవి దూరంగా పెట్టాలి. పాత ఆవకాయ జాడీ కడిగి ఆ ముద్దంతా బుట్టలో వేస్తే మొక్కలకి చేరేది ఉప్పే. మాంసం, చేపముళ్లు వేస్తే ఎలుకలు, పందికొక్కులు వస్తాయి. కొద్దిగా మిగిలిన అన్నం పర్వాలేదు, ఎండాకుల మధ్యలో పూడ్చేయాలి. కోడిగుడ్డు పెంకులు ఎండబెట్టి పొడి చేసి వేస్తే మంచిది, అలాగే వేస్తే ఏడాది తర్వాత కూడా పెంకుల్లాగే తేలతాయి. ఇంటి బుట్ట చిన్నది కాబట్టి లోపల 55 డిగ్రీల వేడి పుట్టదు, అందువల్ల గింజలు చావవు. ఆ కంపోస్ట్ వేసిన బస్తాలో టమాటా, గుమ్మడి, బొప్పాయి మొక్కలు అడక్కుండానే లేస్తాయి. చాలా తోటల్లో బాగా కాసే బొప్పాయి ఎవరూ నాటింది కాదు, ఇలా లేచిందే.

ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఒకటుంది, ఎండాకుల కాలం వేరు, వాటి అవసరం వేరు. వేప, రావి, బాదం ఆకులు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో. మే, జూన్‌లో ఇల్లంతా మామిడి తొక్కలు, టెంకలు, పుచ్చకాయ చెక్కలు. జులై నుంచి వానలు, గాల్లోనే తేమ. ఎండాకుల కోసం వెతుక్కునేసరికి వీధిలో ఒక్క పొడి ఆకు దొరకదు. ఫిబ్రవరి, మార్చిలో వీధి చివర ఊడ్చి కుప్పపెట్టి తగలబెట్టే ఆకుల్ని నాలుగైదు గోతాల్లో తొక్కి నింపి పెట్టుకుంటే వానాకాలమంతా గడుస్తుంది, పొగ కూడా తగ్గుతుంది. నగరంలో ఇంటిసాగుకి పంచాంగం ఉంటే మొదటి తిథి ఇదే. అవి లేనివాళ్లకి చింపిన అట్టపెట్టెలు, రంపపు పొట్టు, కొబ్బరి పీచు దిక్కు.

పైకెక్కే ముందు స్లాబు సంగతి. మనుషులు తిరిగే డాబాకి ఇంజనీర్లు లెక్కలో వేసుకునే బరువు మామూలుగా చదరపు మీటరుకి 150 కిలోలు. అడుగు మందాన తడిసిన మట్టి పోస్తే చదరపు మీటరుకి 500 కిలోలు దాటుతుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే డాబా అంతా మళ్లు కట్టాలన్న ఉత్సాహం కాస్త తగ్గుతుంది, తగ్గాలి కూడా. బరువైన తొట్లు, సగానికి కోసిన డ్రమ్ములు పిట్టగోడ వెంట, కింద దూలాలు ఉన్న చోట పెట్టాలి, మధ్యలో తేలిక బస్తాలే. మట్టి పాలు తగ్గించి కంపోస్ట్, కొబ్బరి పొట్టు పెంచితే బరువు బాగా తగ్గుతుంది. ఇటుకల మీదో స్టాండ్ల మీదో ఎత్తిపెడితే అడుగున స్లాబు ఆరుతుంది, నాచు పట్టదు, కింది ఇంటివాళ్లతో గొడవ రాదు. పాత ఇల్లయితే ఇంజనీరుకి చూపించకుండా ఇటుక మళ్లు కట్టొద్దు.

తోట అమరికలో పర్మాకల్చర్ సూత్రం చాలా మామూలుది, చెయ్యి ఎక్కువసార్లు వెళ్లేది దగ్గర, తక్కువసార్లు వెళ్లేది దూరం. డాబా మీద దగ్గర అంటే మెట్ల గది తలుపు. కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి, కరివేపాకు అక్కడే ఉండాలి, పొయ్యి మీద పోపు మాడకముందే కోసుకొచ్చేంత దూరంలో. కంపోస్ట్ బుట్టలు కూడా అక్కడే, నీడలో. చాలా ఇళ్లలో వాటిని వాసనకి భయపడి వాటర్ ట్యాంకు వెనక మూలకి తోస్తారు, నెల తిరక్కుండా అక్కడికి ఎవరూ వెళ్లరు. బీర, సొర, దొండ పందిరి పడమర వైపు వేస్తే సాయంత్రపు ఎండని అడ్డుకుంటుంది, దాని నీడలో బచ్చలి, తోటకూర బతుకుతాయి. పెద్ద డ్రమ్ములో మధ్యన చిల్లుల పైపు నిలబెట్టి, చుట్టూ మట్టి నింపి మొక్కలు పెట్టి, తొక్కలన్నీ ఆ పైపులో వేసే పద్ధతి కూడా ఉంది. బుట్ట, తొట్టి ఒకటే అవుతాయి, వానపాములు నాలుగు వదిలితే ఎరువు తీసి మోసే పనే ఉండదు. చోటు తక్కువున్న బాల్కనీకి ఇది బాగా నప్పుతుంది.

మొదట్లో ఆకుకూరలకే కట్టుబడటం మేలు. తోటకూర, గోంగూర, బచ్చలి ఎండనీ తట్టుకుంటాయి, నెల, నెలన్నరలో కోతకొస్తాయి, కూరగాయల ఖర్చులో నిజంగా తేడా చూపించేవి ఏవైనా ఉంటే ఇవే. నీళ్ల దగ్గర మాత్రం ఒక హెచ్చరిక. ఆర్వో మెషిన్ వదిలే నీళ్లు వృథా పోతున్నాయని రోజూ మొక్కలకే పోస్తే, బోరు నీళ్లలో ముందే ఎక్కువున్న ఉప్పు ఇంకా చిక్కబడి బస్తాల అంచున తెల్లటి పొరలా తేలుతుంది, ఆకుల కొసలు మాడతాయి. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు నిశ్చింతగా పోయొచ్చు. హైదరాబాద్‌లో ఏడాదికి 800 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడుతుంది, వంద చదరపు మీటర్ల డాబా మీద పడే నీటిలో అరవై వేల లీటర్లకు పైగా పట్టుకోవచ్చు. పట్టడానికి డ్రమ్ములు చాలవు నిజమే, రెండు పట్టినా బస్తాల్లో ఉప్పు కడగడానికి పనికొస్తాయి. ఇక కోతులు. తెలంగాణలో చాలా ఊళ్లలో అవి వచ్చాక కాయకూరల మాట మర్చిపోవాల్సిందే, వలపందిరి వేయడమో ఆకుకూరలకి సరిపెట్టుకోవడమో చేయాలి.

అపార్ట్‌మెంట్లలో కథ వేరు. అక్కడ డాబా అందరిదీ, అంటే అభ్యంతరం చెప్పే హక్కు కూడా అందరిదీ. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఐదు వేల చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు తడి చెత్తని వీలైనంతవరకు తమ ఆవరణలోనే మాగబెట్టాలని చెప్పాయి. ఆ ఒత్తిడికి చాలా సొసైటీలు లక్షలు పోసి, ఇరవై నాలుగు గంటల్లో ఎరువు అనే మెషిన్లు కొన్నాయి. ఒక్క రోజులో కంపోస్ట్ అవదు. అవి చేసేది ఎక్కువగా చెత్తని వేడిచేసి, ఆరబెట్టి, పొడి చేయడం. కాఫీ పొడిలా కనిపించే ఆ పొడిని మొక్కకి వేసి నీళ్లు పోస్తే మళ్లీ నాని, బూజు పట్టి, కుళ్లడం మొదలవుతుంది, వేళ్లకి వేడి చేస్తుంది. దాన్ని ఎండాకులతో కలిపి ఇంకో నెల, నెలన్నర మాగనిస్తేనే ఎరువు. మరి ఆ నెలన్నర ఎలాగూ ఆగాలంటే, గాలి ఆడే ఇటుక తొట్లూ పని తెలిసిన ఒక మనిషీ చాలు, కరెంటు బిల్లు లేకుండా. కేరళలో అలప్పుళ పట్టణం 2012 తర్వాత వార్డుల్లో పెట్టిన గాలి ఆడే తొట్లతో ఈ పని చేసి చూపించింది. మన దగ్గర సూర్యాపేట అంతకుముందే, 2000ల తొలినాళ్లలో, తడి పొడి చెత్త వేరుచేయించి వానపాముల ఎరువు తయారుచేసి పేరు తెచ్చుకుంది.

సొసైటీలు మర్చిపోయే ఇంకో సంగతి, తయారైన కంపోస్ట్‌ని ఎవరు తీసుకుంటారన్నది. వంద ఫ్లాట్ల నుంచి ఏడాదికి టన్నుల్లో వస్తుంది. చాలాచోట్ల అది సెల్లార్‌లో గోతాల్లో మూలుగుతుంటే, లాన్ చూసే కాంట్రాక్టరు బయటి నుంచి ఎరువు లోడు తెప్పించి బిల్లు పెడుతుంటాడు. మెషిన్ కొటేషన్లు పిలిచే ముందే కాంట్రాక్టు కాగితంలో ఒక్క వాక్యం చేర్చాలి, లోపల తయారైన కంపోస్ట్ అయిపోయేదాకా బయటి ఎరువుకి పైసా ఇవ్వం అని.